రిక్వైర్ క్యాష్ డిలీట్ చేసినా పాత రూల్సే వస్తున్నాయి, అంతా డిలీట్ చేస్తే రైతుకి మూడు మెసేజ్‌లు వెళ్తున్నాయి

కాటా_కోడర్

అందరికీ నమస్కారం. ఫోన్‌లోంచి తెలుగు కీబోర్డుతో కొడుతున్నాను, కోడ్ ముక్కల్ని చదివినట్టే అర్థం చేసుకోండి.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. టీమ్ అంటూ ఏం లేదు, నేనొక్కణ్ణే. సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కొట్టు వెనక గదిలో, ఖాళీ గోతాల కట్టల పక్కన పెట్టిన విండోస్ 10 పీసీ. దాని మీద నోడ్ 20 (జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపేది), ఎక్స్‌ప్రెస్ (దాని మీద వెబ్ యాప్ రాసేది), మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. కాటాల దగ్గర నాలుగు టాబ్‌లు (టాబ్లెట్లు) వెబ్‌సాకెట్‌తో, అంటే తెరిచే ఉండే కనెక్షన్‌తో, దీనికి కలిసి ఉంటాయి. టిక్కీ (మిర్చి బస్తా) కాటా ఎక్కగానే బరువు టాబ్‌లో పడుతుంది. సాయంత్రానికి రైతు చేతికి తక్‌పట్టీ (సరుకు లెక్క చీటీ), ఫోన్‌కి ఒక మెసేజ్.

లెక్కల నియమాలన్నీ రూల్స్.జేఎస్ అనే ఒక్క ఫైల్లో ఉన్నాయి. గోతానికి ఎంత తరుగు తీయాలి, హమాలీ ఎంత, తేజ రకం మిర్చికి ఒకలా, 341 రకానికి ఒకలా, తాలుకి ఇంకోలా. డేటాబేస్‌లో పెట్టొచ్చుగా అంటారేమో. కొన్ని అంకెలే, కానీ కొన్ని నిజంగానే ఫంక్షన్లు: ఇన్ని టిక్కీలు దాటితే ఇలా, సరుకు చెమ్మగా ఉంటే అలా. ఆ ఫైల్‌ని గుమస్తా గారు నోట్‌ప్యాడ్‌లో తెరిచి మారుస్తారు. నేనే నేర్పించాను, అదో పెద్ద కథ.

మార్చినప్పుడల్లా సర్వర్ రీస్టార్ట్ చేస్తే నాలుగు టాబ్‌లూ ఒకేసారి తెగిపోతాయి. మళ్లీ కలవడానికి పది సెకన్లే పడుతుంది. కానీ ఆ పది సెకన్లూ కాటా మీద ఒక టిక్కీ, వెనక ముప్పై టిక్కీలు, హమాలీల నోట్లో నా పేరు.

అందుకని రీస్టార్ట్ లేకుండా చేద్దామని ఎఫ్ఎస్.వాచ్ (ఫైల్ మారితే చెప్పే నోడ్ ఫంక్షన్) పెట్టాను. రూల్స్ ఫైల్ మారగానే రిక్వైర్.రిజాల్వ్‌తో దాని పాత్ తీసుకుని, రిక్వైర్.క్యాష్‌లోంచి (లోడ్ చేసిన ఫైళ్లని నోడ్ గుర్తుపెట్టుకునే చోటు) ఆ కీని డిలీట్ చేసి, మళ్లీ రిక్వైర్ చేస్తున్నాను, అంటే ఫైల్‌ని లోడ్ చేస్తున్నాను. అక్కడే కన్సోల్.లాగ్ పెట్టి చూస్తే కొత్త హమాలీ రేటే కనిపిస్తోంది. తక్‌పట్టీలో మాత్రం పాత రేటే! ఒక పూటంతా తల పట్టుకుని కూర్చున్నాను.

సరే, ఏ ఫైలో పాత కాపీని పట్టుకుని ఉందని, లూప్ తిప్పి రిక్వైర్.క్యాష్‌లో ఉన్న కీలన్నీ డిలీట్ చేసేశాను. హెచ్‌టీటీపీ సర్వర్ ఒకటే ఉంచి, దాని వెనకున్న ఎక్స్‌ప్రెస్ యాప్‌ని మాత్రం కొత్తగా రిక్వైర్ చేసి మార్చేలా రాశాను. పని చేసింది. కొత్త రేటు వచ్చింది. నేను ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను.

మర్నాడు పొద్దున గుమస్తా గారు ఒక్కసారి, ఒక్కసారే, ఫైల్ సేవ్ చేశారు. మధ్యాహ్నం ఒక రైతు ఫోన్: "ఏంది బాబూ, సరుకు ఒకటే, మెసేజ్‌లు మూడొచ్చినయ్. డబ్బులు కూడా మూడుసార్లు ఇస్తారా?" అందరికీ మూడేసి వెళ్లాయి. రెండెందుకు కాలేదు, నాలుగెందుకు కాలేదు, సరిగ్గా మూడే ఎందుకు? సాయంత్రం లోపల గుమస్తా గారు ఇంకొన్నిసార్లు సేవ్ చేసినట్టున్నారు, మైఎస్‌క్యూఎల్ 'టూ మెనీ కనెక్షన్స్' అని చేతులెత్తేసింది. చివరికి రీస్టార్ట్ చేయక తప్పలేదు.

మెసేజ్ పంపే ఫైల్లో లాస్ట్ఐడీ అని పైన ఒక వేరియబుల్, ఒక సెట్ఇంటర్వల్. ముప్పై సెకన్లకోసారి ఆ ఐడీ తర్వాత వచ్చిన పట్టీలకి మెసేజ్ పంపుతుంది. అంతే, అందులో తిరకాసు ఏం లేదు.

మాడ్యూల్‌ని (ఇలా లోడ్ చేసే ఫైల్‌ని) నిజంగా కొత్తగా లోడ్ చేయడానికి పద్ధతైన దారి ఏంటి?


నైట్‌డిప్లాయ్

బ్రో, ఇంత టెన్షన్ ఎందుకు? నోడ్‌మాన్ పెట్టు. అది కూడా వద్దనుకుంటే నోడ్‌లోనే 18.11 నుంచి వాచ్ ఫ్లాగ్ వచ్చింది. ఫైల్ మారితే అదే చూసుకుంటుంది.


కాటా_కోడర్

బ్రో, ఆ రెండూ చేసేది రీస్టార్టే కదా. ప్రాసెస్‌ని చంపి మళ్లీ లేపుతాయి. లాప్‌టాప్‌లో నేనూ అదే వాడతాను. కొట్టులో నా బాధంతా ఆ రీస్టార్ట్ గురించే.


నైట్‌డిప్లాయ్

ఓ, సగం చదివి రిప్లై ఇచ్చాను. సారీ. పెద్దలు వస్తారు.


పాత_సర్వర్

వచ్చాను. పెద్దని అవునో కాదో గానీ, ఈ గోతిలో ఒకసారి పడ్డాను.

తమ్ముడూ, ముందు ఆ మూడు మెసేజ్‌ల లెక్క తేలుద్దాం, మిగతాది దాన్నుంచే అర్థమవుతుంది. విండోస్‌లో ఫైల్ ఒక్కసారి సేవ్ చేస్తే ఎఫ్ఎస్.వాచ్ చాలాసార్లు రెండు ఈవెంట్లు ఇస్తుంది. అంటే గుమస్తా గారు ఒకసారి సేవ్ చేస్తే నీ లూప్ రెండుసార్లు తిరిగింది. మెసేజ్ ఫైల్ పొద్దున ఒకసారి నడిచింది, ఇప్పుడు ఇంకో రెండుసార్లు నడిచింది. మూడు సెట్ఇంటర్వల్‌లు, మూడు లాస్ట్ఐడీలు. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. కొత్త పట్టీ పడగానే ముగ్గురూ 'ఇది నేనింకా పంపలేదు' అనుకుని పంపారు. వాచ్ కాల్‌బ్యాక్‌లో ఒక లాగ్ పెట్టి, ఒకసారి సేవ్ చేసి చూడు. రెండు లైన్లు పడకపోతే నన్నడుగు.

పాతవి ఎందుకు పోలేదు అంటావా? రిక్వైర్ చేసే పని చాలా చిన్నది. ఫైల్‌లో ఉన్నదాన్ని ఒక ఫంక్షన్‌లో చుడుతుంది. ఎక్స్‌పోర్ట్స్, రిక్వైర్, మాడ్యూల్, ఫైల్ పేరు, ఫోల్డర్ పేరు అని ఐదు పారామీటర్లు దానికి. మాడ్యూల్‌ని ఫైల్ పూర్తి పాత్ కీగా రిక్వైర్.క్యాష్‌లో రాసిపెట్టుకుని, ఆ ఫంక్షన్‌ని ఒకసారి నడుపుతుంది. ఇంకోసారి ఎవరడిగినా ఆ పుస్తకం చూసి అదే ఇస్తుంది. నువ్వు డిలీట్ చేసేది ఆ పుస్తకంలో ఒక వరుసని, అంతే. ఓటరు లిస్టులో పేరు కొట్టేస్తే మనిషి ఊళ్లో లేకుండా పోడు కదా. ఆ ఇంటర్వల్ ఈవెంట్ లూప్‌లో నడుస్తూనే ఉంటుంది, దాని కాల్‌బ్యాక్ పాత మాడ్యూల్ వేరియబుల్స్‌ని పట్టుకునే ఉంటుంది, చెత్త ఏరేవాడికి (వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌కి) అది చెత్తలా కనపడదు.

డేటాబేస్ కూడా అదే కథ. నోడ్‌ని మైఎస్‌క్యూఎల్‌కి కలిపే మైఎస్‌క్యూఎల్2 ప్యాకేజీ వాడుతున్నావనుకుంటా. పూల్‌లో (మళ్లీ మళ్లీ వాడుకునే కనెక్షన్ల గుంపు) డిఫాల్ట్‌గా పది కనెక్షన్ల వరకు తెరుచుకుంటాయి. ఖాళీగా ఉన్నా వాటిని మూసేయదు, ఎందుకంటే ఎన్ని ఖాళీగా ఉండొచ్చు అనే పరిమితి కూడా డిఫాల్ట్‌గా ఆ పదే. సర్వర్ వైపు మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 151. ఖాళీ కనెక్షన్‌ని మైఎస్‌క్యూఎల్ తనంతట తాను తెంచేది 28800 సెకన్లకి, అంటే ఎనిమిది గంటలకి. సేవ్‌కి రెండేసి పూల్స్ చొప్పున నువ్వే గుణించుకో. మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే కంగారుపడి రీస్టార్ట్ కొట్టేముందు రూట్‌తో లాగిన్ అయ్యి షో ప్రాసెస్‌లిస్ట్ చూడు, ఏ కనెక్షన్లు తెరిచి ఉన్నాయో చూపిస్తుంది. 151 నిండినా అడ్మిన్‌కని ఒక సీటు విడిగా ఉంచుతుంది.

ఇక నీ మొదటి ప్రయత్నం. బిల్లింగ్ ఫైల్ పైన కాన్స్ట్‌తో, కర్లీ బ్రాకెట్లలో హమాలీ, తరుగు అని విడదీసి తెచ్చుకుని ఉంటావు. అవునా? ఆ పేర్లు పొద్దున్న ఏ ఫంక్షన్లని పట్టుకున్నాయో సాయంత్రం దాకా వాటినే పట్టుకుంటాయి. వాచ్ కాల్‌బ్యాక్‌లో వచ్చిన కొత్త కాపీ సంగతి వాటికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

నా అనుభవం కూడా చెప్తాను, నవ్వుకో. చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీలో అనువాదాల జేసన్ ఫైల్ ఎప్పుడూ తాజాగా ఉండాలని ప్రతి రిక్వెస్ట్‌కీ క్యాష్ డిలీట్ చేసి రిక్వైర్ చేసేవాణ్ణి. టెస్టింగ్‌లో బ్రహ్మాండం. ప్రొడక్షన్‌లో పొద్దున మొదలైన మెమరీ సాయంత్రానికి ఎక్కుతూ ఎక్కుతూ 1.4 జీబీ దగ్గర ప్రాసెస్ పడిపోయేది. అప్పట్లో 64 బిట్ మెషీన్ల మీద వీ8 (నోడ్ లోపలి జావాస్క్రిప్ట్ ఇంజన్) హీప్ పరిమితి, అంటే అది వాడుకోగల మెమరీ, దాదాపు అంతే. క్యాష్ చూస్తే శుభ్రంగా ఉంది, ఫైల్ ఒక్కటే ఉంది. హీప్ స్నాప్‌షాట్ తీస్తే 'స్వాగతం' అనే అదే పదం వేల కాపీలు. అవన్నీ మాడ్యూల్.చిల్డ్రన్ అనే అర్రేలో వేలాడుతున్నాయి. ఒక ఫైల్ ఇంకో ఫైల్‌ని రిక్వైర్ చేసి కొత్త మాడ్యూల్ పుట్టినప్పుడల్లా, అడిగిన ఫైల్ తాలూకు చిల్డ్రన్‌లోకి ఆ కొత్తది చేరుతుంది. క్యాష్‌లో డిలీట్ చేసినా అక్కడ్నించి పోదు. నాకు ఆ అర్రే ఉందనే తెలియదు అప్పటికి.

ఇంపోర్ట్ ఫ్రెష్ అని ఎన్‌పీఎమ్‌లో చిన్న ప్యాకేజీ ఉంది. పాతదాన్ని తల్లి మాడ్యూల్ చిల్డ్రన్‌లోంచి కూడా పీకేసి, తర్వాత క్యాష్‌లో తీసి, అప్పుడు లోడ్ చేస్తుంది. దాని సోర్స్ తెరిచి చదువు, రెండు నిమిషాల పని. కానీ అది కూడా ఇంటర్వల్‌ని ఆపదు, పూల్‌ని మూయదు. అది ఏ ప్యాకేజీ వల్లా కాదు, నీ ఫైల్ లోపల ఏముందో దానికేం తెలుసు?

నేనైతే ఇలా చేస్తాను. రూల్స్‌హోల్డర్ అని ఒక ఫైల్ పెట్టు. లోపల లెట్‌తో ఒక వేరియబుల్, పేరు ఇప్పటిరూల్స్. బయటికి రెండు ఫంక్షన్లు: తీసుకో, మళ్లీలోడ్. ప్రాజెక్ట్ మొత్తంలో రూల్స్.జేఎస్‌ని రిక్వైర్ చేసే హక్కు ఈ ఒక్క ఫైల్‌కే. మిగతావాళ్లు అవసరమైన ఆ క్షణంలో 'తీసుకో' అని పిలవాలి, పైన కాన్స్ట్‌లో దాచుకోకూడదు. అయితే ఒక బిల్లు మొదలుపెట్టాక మధ్యలో మళ్లీ పిలవకు. బిల్లు మొదట్లో ఒకసారి తీసుకుని చివరిదాకా దాంతోనే లెక్క కట్టు. లేకపోతే మధ్యలో ఎక్కడో ఒక అవెయిట్ దగ్గర ఆగినప్పుడు గుమస్తా గారు సేవ్ కొడితే, సగం టిక్కీలకి పాత హమాలీ, సగానికి కొత్త హమాలీ పడుతుంది. ఆ తేడా ఎక్కడ వచ్చిందో ఆ దేవుడికి కూడా దొరకదు.

మళ్లీలోడ్‌లో వరుస ముఖ్యం. క్యాష్ కీ తీసెయ్, చిల్డ్రన్‌లోంచి తీసెయ్, ట్రై లోపల రిక్వైర్ చెయ్, వచ్చిన రూల్స్‌తో ఒక ఉత్తుత్తి బిల్లు వేసి చూడు. పది టిక్కీలు, తెలిసిన బరువు. జవాబు నంబరుగా, సున్నా కంటే ఎక్కువగా వస్తేనే ఇప్పటిరూల్స్‌ని మార్చు. ఎర్రర్ వస్తే పాతది నీ వేరియబుల్‌లో భద్రంగానే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో కామా ఎగిరిపోవడం ఎంతసేపు.

రూల్స్.జేఎస్‌లో మాత్రం డేటాబేస్ వద్దు, టైమర్ వద్దు, ప్రాసెస్.ఆన్ వద్దు. అంకెలు, ఫంక్షన్లు, అంతే. అలా ఉంచితే పాత కాపీని ఎవరూ పట్టుకోరు, దానంతట అదే పోతుంది.

ఫైల్ వాచింగ్ నాకంత నచ్చదు. మనిషి రాస్తుండగా సగం ఫైల్ దొరకొచ్చు. లైనక్స్ అయితే ఇంకో తలనొప్పి, కొన్ని ఎడిటర్లు కొత్త ఫైల్ రాసి పాతదాని పేరు పెడతాయి, వాచ్ ఏమో పాత ఐనోడ్‌నే (డిస్క్ మీద పాత ఫైల్ గుర్తునే) చూస్తూ కూర్చుంటుంది. లైనక్స్ మీదైతే సిగ్‌హప్ (బయటినుంచి ప్రాసెస్‌కి పంపే సిగ్నల్) వింటే సరిపోయేది. నీది విండోస్, అక్కడ అది కన్సోల్ విండో మూసేసినప్పుడు వచ్చే సిగ్నల్, నీకు పనికిరాదు. గుమస్తా గారి తెర మీద 'రూల్స్ మార్చాను' అని ఒక బటన్ పెట్టు. ఆయన నొక్కినప్పుడే లోడ్ అవ్వాలి.

ఆ లూప్‌ని మాత్రం ఈ రాత్రే తీసెయ్. అందులో నేటివ్ యాడాన్ (సీ++ లాంటి భాషలో రాసి కంపైల్ చేసిన మాడ్యూల్) ఏదైనా ఉంటే మళ్లీ లోడ్ చేసినప్పుడు ఎర్రర్ వస్తుందని నోడ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. నీకింకా ఆ ముచ్చట జరగలేదు, అదృష్టవంతుడివి.


కాటా_కోడర్

అన్నా, వాచ్‌లో లాగ్ పెట్టాను. రెండు లైన్లు పడ్డాయి. మీరు నా కొట్టులో కూర్చుని చూసినట్టు చెప్పారు. పూల్ కూడా మైఎస్‌క్యూఎల్2నే, కర్లీ బ్రాకెట్లూ నిజమే.

హోల్డర్ రాశాను. తక్‌పట్టీ సరిగ్గా వస్తోంది. కానీ టాబ్ మీద కనిపించే అంచనా బిల్లులో ఇంకా పాత రేటే. ఆ ఫైల్ పేరు ప్రివ్యూ.జేఎస్. అందులోనూ హోల్డర్‌నే వాడుతున్నానని ప్రమాణం చేసి చెప్తున్నాను. పైగా అక్కడ కన్సోల్‌లో లోడ్ అయిన టైమ్ ప్రింట్ చేస్తే సర్వర్ లేచిన టైమే వస్తోంది, బటన్ నొక్కిన టైమ్ కాదు.


పాత_సర్వర్

ఆబ్జెక్ట్.కీస్‌తో రిక్వైర్.క్యాష్ కీలు ప్రింట్ చెయ్. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌వి వదిలేసి నీ ఫైళ్లు మాత్రం ఇక్కడ పెట్టు. నాకు ఒక అనుమానం ఉంది, ఇప్పుడు చెప్పను.


కాటా_కోడర్

పదకొండు ఫైళ్లు వచ్చాయి. నా ప్రాజెక్ట్‌లో ఉన్నవి పది.

రెండుసార్లు లెక్కపెట్టాను. తర్వాత కనపడింది. ఒక వరుసలో రూల్స్‌హోల్డర్, మొత్తం చిన్న అక్షరాలు. ఇంకో వరుసలో అదే ఫోల్డర్, అదే పేరు, కానీ ఇంగ్లిష్‌లో మొదటి అక్షరం పెద్దది. ప్రివ్యూలో టైప్ చేసినప్పుడు మొదటి అక్షరం క్యాపిటల్ పడింది. విండోస్ ఏమీ అనలేదు, ఫైల్ తెరిచి ఇచ్చేసింది.

అంటే హోల్డర్‌లే రెండు ఉన్నాయా?


పాత_సర్వర్

రెండు ఉన్నాయి. నా అనుమానం అదే.

విండోస్‌కి ఫైల్ పేర్లలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం ఒకటే. నోడ్ క్యాష్‌కి కీ అంటే ఒట్టి అక్షరాల వరుస, అక్కడ ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే మాడ్యూల్. డిస్క్ మీద ఫైల్ ఒకటే, మెమరీలో రెండు. మ్యాక్‌లో కూడా మామూలుగా ఇంతే. లైనక్స్ మీదైతే అలాంటి ఫైల్ లేదని మొహం మీదే చెప్పేది, ఐదు నిమిషాల్లో దొరికిపోయేది.

ఒకటి గమనించావా? నీకు కావాల్సిన 'తాజా కాపీ' నువ్వు అడగకుండానే ఒకటి దొరికింది. అడిగినప్పుడేమో రాలేదు.


కాటా_కోడర్

అన్నా, పుండు మీద కారం చల్లకండి. అసలే మిర్చి యార్డు.

ఒక్క అక్షరం మార్చాను. కీలు పది. అంచనా బిల్లు సరిపోయింది.


టెస్ట్_అక్క

చర్చ అయిపోయినట్టుంది గానీ, నా వైపు నుంచి ఒక మాట. తాజా మాడ్యూల్ కావాలనడం ఎప్పుడూ తప్పేం కాదండి. టెస్టులు రాసేవాళ్లకి అది రోజూ ఉండే అవసరం. ఫైల్ పైనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చదివేసే కోడ్ ఉందనుకోండి, ఒక టెస్టులో 'ప్రొడక్షన్', ఇంకో టెస్టులో 'డెవలప్‌మెంట్' పెట్టి చూడాలంటే ఆ ఫైల్ మళ్లీ మొదట్నించి నడవాల్సిందే.

కాకపోతే టెస్టులు నడిపే జెస్ట్‌లో రిక్వైర్.క్యాష్ డిలీట్ చేసి ఏం లాభం లేదు. మాడ్యూల్స్ కోసం దానికి సొంత రిజిస్ట్రీ ఉంది. నేను జాబ్‌లో చేరిన కొత్తలో ఇది తెలియక రెండు రోజులు డిలీట్ లైన్‌ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఎర్రర్ రాదు, పని జరగదు. జెస్ట్.రీసెట్‌మాడ్యూల్స్ పిలిచి తర్వాత రిక్వైర్ చేయాలి. ఒక్క ముక్కకే తాజా కాపీ కావాలంటే ఐసొలేట్‌మాడ్యూల్స్ లోపల రిక్వైర్ చేయాలి. అలాంటిదే ఇంకో టూల్ వైటెస్ట్‌లో కూడా రీసెట్‌మాడ్యూల్స్ ఉంది.

దాంట్లో ఒక మెలిక ఉంది. మా దగ్గర చెల్లింపులు ఫెయిలైతే విసిరే ఒక ఎర్రర్ క్లాస్ ఉండేది. టెస్ట్ ఫైల్ పైన దాన్ని రిక్వైర్ చేశాం, తర్వాత రీసెట్ చేసి అసలు కోడ్‌ని మళ్లీ రిక్వైర్ చేశాం. ఎర్రర్ వచ్చింది, పేరు అదే, మెసేజ్ అదే, ఇన్‌స్టెన్స్ఆఫ్ (ఇది ఆ క్లాస్‌దేనా అనే పరీక్ష) మాత్రం ఫాల్స్! స్క్రీన్ మీద 'ఆశించింది ఇది, వచ్చింది ఇది' అని రెండు పక్కలా ఒకే పేరు చూపిస్తుంటే పిచ్చెక్కింది. మీ పెద్ద అక్షరం హోల్డర్ లాంటిదే, ఒకే ఫైల్‌కి రెండు క్లాసులు పుట్టాయి. రీసెట్ చేశాక ఆ క్లాస్‌ని కూడా మళ్లీ తెచ్చుకోవాలి.

కాటా_కోడర్ గారూ, మీ రూల్స్ ఫైల్‌కి ఒక్క టెస్టయినా ఉందా?


కాటా_కోడర్

అక్కా, ఇప్పుడు ఆ ఉత్తుత్తి బిల్లే నా టెస్టు.


ఈఎస్ఎమ్_వీరాభిమాని

ఇంకా రిక్వైర్ ఏంటి సార్, ఇంపోర్ట్‌కి వచ్చేయండి. అక్కడ ఇదంతా ఒక్క లైన్. డైనమిక్ ఇంపోర్ట్‌లో ఫైల్ పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి డేట్.నౌ తగిలించండి. పేరు మారింది కాబట్టి కొత్త మాడ్యూల్. క్యాష్ జోలికే వెళ్లక్కర్లేదు.


పాత_సర్వర్

వెళ్లక్కర్లేదు కాదు బాబూ, వెళ్లలేవు. ఇంపోర్ట్‌తో తెచ్చే ఈఎస్ మాడ్యూల్స్ క్యాష్ వేరే, రిక్వైర్.క్యాష్‌తో దానికి సంబంధం లేదు. అందులోంచి ఒకదాన్ని తీసేయడానికి నోడ్ మనకి దారి ఇవ్వలేదు. ప్రశ్నార్థకం పెట్టి తెచ్చిన ప్రతి కాపీ ప్రాసెస్ చచ్చేదాకా మెమరీలోనే ఉంటుంది. రోజుకి నాలుగుసార్లు మారే చిన్న రూల్స్ ఫైల్ అయితే పర్వాలేదు, నేను కూడా కళ్లు మూసుకుంటాను. రిక్వెస్ట్‌కి ఒకసారి అంటే మాత్రం నా అనువాదాల కథే, ఈసారి చిల్డ్రన్ అర్రే ఊడ్చుకునే అవకాశం కూడా లేకుండా.

పైగా తాజా అయ్యేది ఆ ఒక్క ఫైలే. రూల్స్ లోపల ఇంపోర్ట్ చేసిన తరుగు ఫైల్‌కి ప్రశ్నార్థకం లేదుగా, అది పాతదే వస్తుంది. గుమస్తా గారు తరుగు ఫైల్ మార్చి బటన్ నొక్కితే ఏమీ జరగదు, మళ్లీ ఇక్కడికొచ్చి ఇంకో ప్రశ్న.

మొత్తం తాజాగా కావాలి, లోపల ఏముందో మనకి తెలియదు, పాతది పూర్తిగా పోవాలి అంటే వర్కర్ థ్రెడ్‌లో నడపడం మంచిది. ప్రతి వర్కర్‌కీ సొంత వీ8, సొంత ఈవెంట్ లూప్, సొంత మాడ్యూల్ క్యాష్ ఉంటాయి. టెర్మినేట్ అంటే దాని టైమర్లతో సహా పోతుంది. కాకపోతే అక్కడి ఫంక్షన్‌ని ఇవతలికి పంపలేవు, పోస్ట్‌మెసేజ్‌లో ఫంక్షన్ పెడితే డేటాక్లోన్ ఎర్రర్ వస్తుంది. బరువులు పంపాలి, లెక్క తెప్పించుకోవాలి. తమ్ముడి కొట్టుకి అంత అవసరం లేదు.


ఈఎస్ఎమ్_వీరాభిమాని

లోపలి ఇంపోర్ట్‌ల సంగతి నిజంగా తట్టలేదు సార్. మా ప్రాజెక్ట్‌లో ఇప్పుడే చూశాను. ఆర్నెల్లుగా పాతదే వస్తోంది, ఎవరూ కనిపెట్టలేదు.


కాటా_కోడర్

మూడు రోజులు ఆగి రాస్తున్నాను, ముందే బాగుందని చెప్పి నవ్వులపాలు కాకూడదని.

అంకెలన్నీ డేటాబేస్ టేబుల్‌లోకి మార్చాను. హమాలీ, గోతం తరుగు లాంటివి గుమస్తా గారు ఫారమ్‌లో మారుస్తారు, వాటికి మాడ్యూల్ గొడవే లేదు. మొదట్నించీ అలా ఉండాల్సింది, ఒప్పుకుంటున్నాను. ఫంక్షన్లు మాత్రం రూల్స్.జేఎస్‌లోనే ఉన్నాయి, హోల్డర్, బటన్, ఉత్తుత్తి బిల్లు అన్నీ అన్న చెప్పినట్టే. ఎఫ్ఎస్.వాచ్ పీకేశాను. ప్రతి పట్టీ పక్కన అది ఏ రూల్స్ లోడ్‌తో లెక్కైందో ఆ టైమ్ కూడా రాస్తున్నాను, రేపు ఎవరైనా గొడవకి వస్తే చూపించడానికి.

షో ప్రాసెస్‌లిస్ట్‌లో నా పూల్‌వి నిన్న సాయంత్రం ఏడు వరుసలు. ఈరోజు కూడా ఏడే. మెసేజ్‌లు రైతుకి ఒక్కటే వెళ్తోంది. మూడొచ్చిన ఆయన మళ్లీ సరుకు తెచ్చి, "ఈసారి ఒకటేనా?" అని నవ్వి వెళ్లాడు.

నిన్న మధ్యాహ్నం గుమస్తా గారు నిజంగానే ఒక కామా మర్చిపోయారు. బటన్ నొక్కారు. లోడ్ ఫెయిలైంది, పాత రూల్‌తోనే కాటా నడిచింది, ఒక్క టాబ్ కూడా తెగలేదు. తెర మీద ఎర్ర బ్యానర్ చూసి ఆయనే ఫైల్ తెరిచి దిద్దుకుని, మళ్లీ నొక్కారు. నాకు ఫోన్ కూడా చేయలేదు.


పాత_సర్వర్

ఆ బ్యానర్‌లో ఏం రాశావు? ఎర్రర్ మెసేజ్ అలాగే ఇంగ్లిష్‌లో పడేశావా?


కాటా_కోడర్

లేదన్నా. '14వ లైన్ దగ్గర తప్పుంది. మీరు దిద్దేదాకా నిన్నటి లెక్కే నడుస్తుంది' అని రాశాను.